పడక ఎలాంటిదైతే ఆరోగ్యం?

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం - ఈ మూడింటినీ శరీరమనే ఇంటిని నిలబెట్టే ఉపస్తంభాలుగా చరకాచార్యులు పేర్కొన్నారు. మొదటి స్తంభాన్ని గురించి పాఠకుల ఉత్తరాలకు లోటు లేదు. ఏ కూర పథ్యం, ఏ పప్పు అపథ్యం అని వారం వారం వ్రాస్తూనే ఉంటారు. కాని దినంలో మూడవ వంతు కాలం మన వెన్నును, చర్మాన్ని, శ్వాసను అంటిపెట్టుకొని ఉండే పడకను గురించి అడిగేవారు అరుదు. అడిగినా ప్రశ్న ఒకటే: "స్పాంజి పరుపు తీసివేసి సహజమైన పత్తి పరుపు కొనమంటారా?" ఒకప్పుడు ఈ ప్రశ్నకు నేను ఆలోచించకుండా "కొనండి" అనేవాణ్ణి. ఇప్పుడు అంత తొందరపడి అనను. ఎందుకు అననో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక బాలుని ఉబ్బసం

2011లో విజయవాడలో ఒక కుటుంబం తమ ఏడేళ్ళ బాలుణ్ణి నా వద్దకు తీసుకొని వచ్చింది. రాత్రి రెండు మూడు గంటల వేళ పిల్లికూతలు, దగ్గు, ఆయాసం. పగలంతా హాయిగా ఆడుకుంటాడు. ఊపిరితిత్తుల నిపుణుని వద్ద వైద్యం సాగుతోంది, పీల్చే మందు వాడుతున్నారు. నేను నాడి చూసి, పథ్యం చెప్పి, పడకగదిలో స్పాంజి పరుపు ఉన్నదని తెలుసుకొని, "ఆ కృత్రిమ పదార్థాన్ని ఇంట్లో నుండి వెళ్ళగొట్టండి. మంచి పత్తి పరుపు తెచ్చుకోండి. సగం రోగం దానితోనే పోతుంది" అన్నాను.

నెలన్నర గడిచాక ఆ బాలుని తల్లి ఫోను చేసింది. "వైద్యులు గారూ, పరుపు మార్చినప్పటి నుండి బాబుకు ఇంకా ఎక్కువయింది. రాత్రి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు" అన్నది. పరుపు మార్చాము కదా అన్న ధైర్యంతో పీల్చే మందును రోజు విడిచి రోజు ఇస్తున్నారట. మానమని నేను చెప్పలేదు. కాని సగం రోగం పోతుందని చెప్పినవాణ్ణి నేనే.

మరునాడు వారి ఇంటికి వెళ్ళాను. మూడవ అంతస్తు, ఉత్తరపు గది, కిటికీకి ఎదురుగా మరొక భవనపు గోడ. కొత్త పరుపును మంచం లేకుండా గచ్చు మీదనే పరచారు. ఎత్తి చూస్తే అడుగున నల్లని బూజు మచ్చలు. కుట్టు విప్పించాను. పైన రెండంగుళాల మందాన తెల్లని దూది, దాని క్రింద చిత్తు గుడ్డలు చీల్చి ఏకిన తుక్కు. ఎరుపు, నీలం, నలుపు దారపు పోగులు అందులో స్పష్టంగా కనిపిస్తున్నాయి. గుప్పెడు తీసి విదిలిస్తే ధూళి లేచింది. దుకాణదారు దానిని పత్తి పరుపు అనే అమ్మాడు. ఆ మాటలో అబద్ధం కూడా పూర్తిగా లేదు, ఆ గుడ్డలు ఒకప్పుడు పత్తివే.

ఆ రోజు నాకు మా గురువుగారి ఇల్లు జ్ఞాపకం వచ్చింది. అక్కడ చికిత్సకై వచ్చి ఉండే రోగుల చాపలను, పరుపులను వారానికొకసారి ఎండలో వేయడం శిష్యులమైన మా పని. సంక్రాంతి వెళ్ళిన తరువాత దూదేకులవారు విల్లు భుజాన వేసుకొని వచ్చి, దూది పరుపులన్నిటినీ విప్పి, ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవారు. ఆ విల్లుతాడు ధ్వనిని వింటూ మేము సూత్రస్థానం వల్లె వేసేవాళ్ళం. శ్లోకాలు నాతో మిగిలాయి గాని, ఆ పనిలో ఉన్న వైద్యాన్ని నేను మరచిపోయాను. ఆ తల్లికి పత్తి అని చెప్పాను. ఎండ అని, విప్పి చూడడమని చెప్పలేదు.

పరుపులో నివసించే జీవి

1960వ దశకంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనే పరిశోధకులు ఇంటి ధూళి వల్ల కలిగే ఉబ్బసానికి ఒక సూక్ష్మజీవి ముఖ్యకారణమని నిరూపించారు. ఎనిమిది కాళ్ళ ఈ ధూళిపురుగు పొడవు మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు. మన ఒంటి నుండి రాలే చర్మపు పొట్టు దాని ఆహారం. అది కుట్టదు, కరవదు. దాని విసర్జనం ఎండి, పొడియై, మన శ్వాసలో చేరి ఉబ్బసాన్ని, తుమ్ములను, చర్మపు దురదను రేపుతుంది. నీరు త్రాగే శక్తి దానికి లేదు. గాలిలోని తేమను శరీరంతో పీల్చుకొని బ్రతుకుతుంది. అందువల్ల పొడి వాతావరణంలో వాడిపోతుంది, తేమ ఉన్నచోట విజృంభిస్తుంది. కోస్తా జిల్లాల గాలి దానికి పుట్టినిల్లు వంటిది.

ఈ జీవికి పత్తి అనీ, స్పాంజి అనీ, ఆర్గానిక్ అనీ భేదం లేదు. చర్మపు పొట్టు, వెచ్చదనం, తేమ దొరికితే చాలు. సహజమైన పరుపు దానంతట అది ఉబ్బసాన్ని నివారించదు. సహజమైన పరుపులోని గుణమేమంటే దానిని విప్పవచ్చు, ఎండబెట్టవచ్చు, శుభ్రపరచి మళ్ళీ కుట్టవచ్చు. ఆ పనులు చేయనివారికి పత్తి పరుపు కంటె, తొడుగు తీసి ఉతుక్కునే వీలున్న స్పాంజి పరుపే నయమని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఆ బాలునికి పరుపును మళ్ళీ కొత్త దూదితో కుట్టించాము. మంచం కొన్నారు. పరుపునంతటినీ చుట్టూ మూసివేసే చిక్కని నేత తొడుగు వేశారు. దుప్పట్లను, గలీబులను వారానికొకసారి బాగా కాగిన నీటిలో ఉడికించి ఉతికారు. 55 డిగ్రీలు దాటిన వేడికి ఈ పురుగులు చనిపోతాయి, చన్నీటి ఉతుకుకు చావవు. అన్నిటికంటె ముఖ్యంగా పీల్చే మందును నిపుణుడు చెప్పిన ప్రకారం క్రమం తప్పకుండా ఇచ్చారు. ఇందులో ఏది ఎంత పని చేసినదో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. తొడుగు ఒక్కటే ఉబ్బసాన్ని తగ్గించదని పెద్ద పరిశీలనల్లో తేలింది. ఉబ్బసం ఉన్నవారు పడక మార్చినంత మాత్రాన మందు తగ్గించరాదు. ఈ ఒక్క వాక్యాన్ని ఆనాడు చెప్పి ఉంటే ఆ బాలుడు ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చేది కాదేమో.

శాస్త్రం చెప్పిన శయ్యలు

16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో శయ్యలను గుణదోషాలతో వింగడించాడు. మంచం త్రిదోషాలను శమింపజేస్తుందనీ, దూది పరుపు వాతకఫాలను హరిస్తుందనీ, నేలపడక శరీరపుష్టిని కలిగిస్తుందనీ, కొయ్యబల్ల వాతాన్ని పెంచుతుందనీ ఆయన మాటల సారం.

ఈ చివరి మాటను ప్రత్యేకంగా గమనించండి. నడుము నొప్పి అనగానే "చెక్క బల్ల మీద పడుకో" అని సలహా ఇవ్వడం మన వైద్యుల్లోనే కాదు, అల్లోపతి వైద్యుల్లో కూడా చాలాకాలం అలవాటుగా ఉండేది. స్పెయిన్ దేశంలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 313 మందికి గట్టి పరుపులు కొందరికి, మధ్యస్థంగా గట్టిగా ఉన్నవి కొందరికి ఇచ్చి 90 రోజులు పరీక్షించారు. 2003లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం మధ్యస్థమైన పరుపుల మీద పడుకున్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది. బల్ల వాతాన్ని పెంచుతుందన్న మాటను నేను ఇన్నేళ్ళు వల్లించి కూడా, నడుము నొప్పి రోగులను బల్ల మీదికి పంపినవాణ్ణే. వెల్లకిల పడుకున్నప్పుడు నడుము వంపు క్రింద అరచేయి సులువుగా దూరి ఖాళీగా ఆడితే పరుపు మరీ గట్టిది. పక్కకు పొర్లడానికే శ్రమపడవలసి వస్తే మరీ మెత్తనిది. నులక వదులై ఉయ్యాలలా గుంతపడిన మంచం కూడా వెన్నుకు హానికరం. దానిని బిగించుకోవడం బద్ధకించరాదు.

నేలపడక ఆరోగ్యానికి మంచిదని ఇటీవల చాలామంది ప్రచారం చేస్తున్నారు. పుష్టి మాట శాస్త్రంలో ఉన్నది నిజమే. కాని మన పల్లెల్లో నేల మీద పడుకున్నవారినే రాత్రివేళ కట్లపాము కాటు వేస్తుంది. ఆ కాటు చాలాసార్లు నొప్పి పుట్టించదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపు నొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తే ఆలస్యం చేయక పాము విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. దీనికి గృహవైద్యం లేదు, పసరు మందు లేదు. నేపాల్ తరాయి ప్రాంతంలో జరిపి 2007లో ప్రచురించిన ఒక పరిశీలనలో, దోమతెర క్రింద పడుకున్నవారికి పాముకాటు ప్రమాదం తగ్గిందని వెల్లడైంది. పొలం దగ్గర, మట్టి ఇళ్ళలో ఉండేవారు మంచం మీద, అంచులు పరుపు క్రిందికి దోపిన దోమతెరలో పడుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులకు కూడా నేలపడక తగదు. లేచేటప్పుడే పడిపోతారు.

ఏ పదార్థం ఎలాంటిది

పత్తి చెమటను పీల్చుకొని మెల్లగా వదులుతుంది. మన వేసవికి ఇంతకంటె హితమైనది లేదు. పీల్చిన తేమ బయటకు పోయే దారి లేకపోతే మాత్రం ఆ గుణమే దోషమవుతుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల పరుపుకు పది పన్నెండు కిలోల దూది పడుతుంది. అంతకంటె చాలా తక్కువ ధరకు ఎవరైనా ఇస్తామంటే లోపల ఏమున్నదో ఊహించుకోవచ్చు. కుట్టించేవారు దూదిని మీ కళ్ళ ఎదుట తూచి నింపాలి. తయారైన పరుపైతే ఒక మూల కుట్టు విప్పి చూపమనండి. పైపొర కాక నడిమి దూదిని వ్రేళ్ళతో లాగి చూడండి. రంగు పోగులు, గింజల పొట్టు, ముక్కవాసన ఉంటే వద్దు. చిటికెడు దూదిని ఇనుప గరిటెలో పెట్టి వెలిగించండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

బూరుగు దూది పత్తి కంటె తేలిక, పట్టువలె నునుపు. దాని పోగు లోపల బోలుగా, పైన మైనపు పూతతో ఉంటుంది కనుక నీరు అంటదు. అందుకే ఒకప్పుడు దానిని నీటిలో తేలే రక్షణ కవచాల్లో నింపేవారు. చెమట పట్టదు, త్వరగా ఆరుతుంది. తలగడలకు ఇంతకు మించినది లేదు. పరుపుకు నేను అంతగా సిఫారసు చేయను. పోగు పెళుసు కనుక కొంతకాలానికి నలిగి పొడి అవుతుంది. నిప్పు కూడా సులభంగా అంటుకుంటుంది.

కొబ్బరి పీచు పరుపులో గాలి ధారాళంగా ఆడుతుంది. బజారులో దొరికేవి చాలావరకు పీచును రబ్బరు పాలతో అంటించి అచ్చు పోసినవి. గట్టిగా ఉంటాయి కనుక పైన పలుచని దూది పరుపు వేసుకుంటే వెన్నుకు సుఖం. రబ్బరు చెట్టు పాల నుండి చేసే లేటెక్స్ పరుపు మంచిదే గాని ఖరీదు ఎక్కువ. రబ్బరు చేతితొడుగులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవారు దానికి దూరంగా ఉండాలి. స్పాంజి అని మనం పిలిచే పాలీయురెథేన్ ఫోము విషమని నేను అనను. కొత్తదానికి ఘాటైన వాసన ఉంటుంది కనుక కొన్నాళ్ళు గాలి ఆడే చోట నిలబెట్టి తరువాత వాడాలి. ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది కనుక పిత్తప్రకృతి వారికి, అరికాళ్ళ మంటలు ఉన్నవారికి రాత్రులు సుఖంగా ఉండదు.

తుంగచాప, ఈతచాప వేసవికి దివ్యమైనవి. తెలంగాణలో కురుమలు నేసే గొర్రెబొచ్చు గొంగడి చలికి, చినుకుకు కూడా ఆగుతుంది. అయితే విచర్చిక వంటి చర్మవ్యాధి ఉన్నవారికి ఉన్ని గరుకు దురదను పెంచుతుంది. మధ్యన నూలు దుప్పటి లేకుండా కప్పుకోరాదు.

మడతలు పడవని చెప్పి అమ్మే దుప్పట్లలో చాలావాటికి ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు పూత ఉంటుంది. ఈ పదార్థాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పూతలో ఉండే మోతాదు స్వల్పమే అయినా సున్నితమైన చర్మం గలవారికి దద్దుర్లు వస్తాయి. మడతలు పడితే పడనివ్వండి, చేనేత నూలు దుప్పటి కొనండి. ఏ కొత్త దుప్పటినైనా ఉతికిన తరువాతనే పరచాలి.

ఆర్గానిక్ ముద్ర

ఇప్పుడు పరుపుల మీద ఆర్గానిక్ అన్న ముద్ర కనిపిస్తోంది. వస్త్రాలకు సంబంధించిన గాట్స్ ప్రమాణం ప్రకారం ఆ మాట ఒంటరిగా వాడాలంటే కనీసం 95 శాతం నార ధ్రువీకరించిన సేంద్రియ సేద్యం నుండి రావాలి. "సేంద్రియ నారతో చేసినది" అని వ్రాయడానికి 70 శాతం చాలు. ముద్రతోపాటు ధ్రువీకరణ సంస్థ పేరు, అనుమతి సంఖ్య ఉండాలి. "సహజం", "ప్రకృతిసిద్ధం" అన్న మాటలకు ఇలాంటి కొలత ఏదీ లేదు.

సేంద్రియ పత్తి వల్ల మేలు నిద్రించేవానికంటె పండించేవానికే ఎక్కువ అని నా అభిప్రాయం. పత్తి చేలలో మందు కొట్టి కళ్ళు తిరిగి పడిపోయిన రైతులను నేను చూశాను. జనగామ జిల్లాలోని ఏనబావి గ్రామస్థులు పురుగుమందులు, రసాయన ఎరువులు లేకుండానే పత్తిని పండించి చూపారు. అటువంటి పత్తికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టగలిగినవారు పెట్టడం ధర్మం. పెట్టలేనివారు తమ ఆరోగ్యానికి ఏదో లోటు జరిగిందని దిగులుపడనక్కరలేదు. శుభ్రమైన మామూలు పత్తి చాలు.

పసిపిల్లల పక్క

ఇక్కడ అమ్మమ్మలు, నాయనమ్మలు నన్ను మన్నించాలి. పసికందుకు మెత్తని బూరుగు దూది పక్క, తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు, పైన బొంత వేయడం మనకు తరతరాల అలవాటు. ఏడాది లోపు బిడ్డ మెత్తని పక్కలో బోర్లాపడితే ముఖం అందులో కూరుకుపోయి ఊపిరి ఆడదు. తల తిప్పుకొనే బలం ఆ మెడకు ఉండదు. బిడ్డకు చదునైన, గట్టి పక్క మీద బిగువుగా పరచిన ఒక నూలు గుడ్డ చాలు. దిండు వద్దు, బొంత వద్దు, పక్కన బొమ్మలు వద్దు. వెల్లకిలనే నిద్రపుచ్చాలి. పదార్థం ఎంత సహజమైనదైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఎండ, గాలి, ఏకుడు

పత్తి పరుపును పది పదిహేను రోజులకొకసారి ఉదయం పది గంటల నుండి మూడు గంటల వరకు ఎండలో వేయాలి. నడుమ ఒకసారి తిరగవేయాలి. తరువాత కర్రతో కొట్టి దులపాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ దరిదాపుల్లో ఉండరాదు. మంచు పడకముందే లోనికి తెచ్చి, వేడి చల్లారిన తరువాత దుప్పటి పరచాలి. ఎండ వేడి పరుపు నడిమికి పూర్తిగా చేరదు కనుక పురుగులన్నీ చనిపోతాయని భ్రమపడవద్దు. తేమ పోతుంది, బూజు పట్టదు, అదే గొప్ప మేలు. మేడ మీదికి మోయలేనివారు ఒకే పెద్ద పరుపుకు బదులుగా రెండు చిన్నవి కుట్టించుకోవాలి. ఎండే రాని ఇళ్ళలో పరుపును రోజూ ఉదయం గోడకు నిలబెట్టి, పంకా గాలి తగలనివ్వాలి. లేవగానే దుప్పటి సర్ది కప్పేయడం కంటె, ఒక గంటసేపు పక్కను తెరచి ఉంచడం మేలు. రాత్రి చెమట ఆరుతుంది. శ్రావణ భాద్రపదాల్లో పరుపు నేలకు తగలరాదు.

జలుబుతో తలబరువు ఉన్నవారికి వావిలాకు తలగడ మన ఇళ్ళలో పాత అలవాటు. ఆకును నీడలో పూర్తిగా ఆరబెట్టి, పలుచని నూలు సంచిలో నింపి, మామూలు తలగడ మీద వేసుకోవాలి. హాయిగా ఉంటుంది. నెలకొకసారి ఆకు మార్చాలి, లేకుంటే బూజు పడుతుంది. ఘాటు వాసనకు ఆయాసం వచ్చేవారు దీని జోలికి పోవద్దు.

రెండు మూడేళ్ళకొకసారి దూదిని ఏకించడం తప్పనిసరి. ఇప్పుడు విల్లు పట్టేవారు అరుదయ్యారు, యంత్రం మీద ఏకేవారు చాలా పట్టణాల్లో ఉన్నారు. మీ దూది మీకే తిరిగి రావాలంటే దగ్గర నిలబడి ఏకించుకోవాలి. పరుపు కుట్టించేటప్పుడు దర్జీకి ఒక మాట చెప్పండి. నాలుగు వైపులా కుట్టివేయక, ఒక పొట్టి అంచుకు కుట్టు బదులు జానెడు దూరానికొక నాడా పెట్టమనండి. ఆ బాలుని తల్లి రెండవ పరుపును అలాగే కుట్టించింది. ఇప్పటికీ సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆ నాడాలు విప్పి చూస్తుందట.